ఈ మాట ఎవరన్నారు?

నవల చదువుతున్నాం. ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. ఏడెనిమిది మాటలు అటూ ఇటూ నడిచాక మూడో మనిషి గదిలోకి వచ్చాడు, లేదా వచ్చినట్టు అనిపించింది. ఇంకో నాలుగు మాటలయ్యాక ఒక వాక్యం దగ్గర చూపు ఆగిపోతుంది. ఈ మాట ఎవరన్నారు? వేలు పెట్టి పైనుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే భార్య అనాల్సిన మాట భర్త అన్నట్టు తేలుతుంది. రెండు పేజీలు వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెడతాం. మూడోసారికి పుస్తకం పక్కన పడేసి టీవీ పెడతాం.

మన సహోద్యోగుల్లో పుస్తకాలు ఇష్టపడేవాళ్ళు తక్కువేం కాదు. కానీ కొన్ని నవలల పేరెత్తగానే "అది మనకి కొరుకుడు పడదండీ" అనేస్తారు. కథ కష్టమని కాదు, వర్ణనలు కష్టమనీ కాదు. చాలాసార్లు చిక్కంతా సంభాషణల దగ్గరే. చదివేవాళ్ళకి తెలివి తక్కువై ఈ చిక్కు రాదు. దీనికి కారణాలు వేరే ఉన్నాయి. అవి తెలిస్తే సగం భయం పోతుంది.

మొదటి కారణం మన భాషలోనే ఉంది. ఢిల్లీ వచ్చి పదేళ్ళయ్యాక గానీ ఈ సంగతి నాకు తట్టలేదు. హిందీలో 'జాఊంగీ' అంటే చాలు, మాట్లాడింది ఆడమనిషని తెలిసిపోతుంది. 'జాఊంగా' అంటే మగవాడు. చెప్పేవాళ్ళ ముద్ర క్రియ మీదే పడిపోతుంది. తెలుగులో 'వెళ్తాను' అన్నది ఎవరు? అమ్మ కావచ్చు, నాన్న కావచ్చు, మేనేజరు గారు కావచ్చు. ఈ వ్యాసమే తీసుకోండి. పైన వేసిన పేరూ ఫోటో చేత్తో మూసి చదివితే, రాసింది ఆడో మగో ఇక్కడిదాకా ఎక్కడా తెలియదు. చివరిదాకా చదివినా తెలియదు.

మరి తెలుగువాళ్ళం ఇన్నాళ్ళూ ఎలా చదువుకున్నాం? మన భాష ఆ సమాచారాన్ని ఇంకో వైపు నుంచి ఇస్తుంది. 'వెళ్తానురా', 'వెళ్తానండీ', 'వెళ్తానోయ్', 'వెళ్తాను తల్లీ'. వీటిలో చెప్పేవాళ్ళ గుర్తు లేదు, వినేవాళ్ళ గుర్తు ఉంది. మాట చివర తగిలించిన చిన్న తోక వినేది ఆడో మగో, పెద్దో చిన్నో, ఎంత చనువో చెప్పేస్తుంది. గదిలో ఇద్దరే ఉంటే వినేదెవరో తెలిసినప్పుడు అన్నదెవరో దానంతటదే తేలుతుంది. హిందీ నవల మాట్లాడే మనిషిని చూపిస్తే తెలుగు నవల ఎదుటి మనిషిని చూపిస్తుంది. 'రా', 'వే', 'అండీ', 'ఓయ్' మీద కన్ను వేసి ఉంచితే 'అన్నాడు', 'అంది' లేకపోయినా బండి నడుస్తుంది.

ఎంబీఏలో కమ్యూనికేషన్ పేపరు కోసం ఒక బొమ్మ వేసేవాళ్ళం. ఇటు పంపేవాడు, అటు అందుకునేవాడు, మధ్యలో సందేశం, చుట్టూ రొద. మార్కులు బాగానే వచ్చాయి. ఆ బొమ్మలో 'ఒసే'కి మాత్రం చోటు లేదు.

తోకలు పట్టుకోవడంలోనూ కొన్ని గోతులున్నాయి. మా అమ్మాయి పుట్టి పెరిగింది నోయిడాలో. తెలుగు బాగానే మాట్లాడుతుంది, అంటే అన్నం, స్కూలు, ఫోను చార్జరు వరకు. ఒక కథలో ఎవరో "అన్నం తిన్నావా నాన్నా" అని అడిగితే, పిల్లవాడు తండ్రిని అడుగుతున్నాడనుకుంది. నిజానికి తండ్రే కొడుకుని అడుగుతున్నాడు. కొడుకుని 'నాన్నా' అనీ, కూతుర్ని 'అమ్మా' అనీ పిలవడం మనకి ఊపిరి పీల్చినంత సహజం. బయటినుంచి చూసేవాళ్ళకి మాత్రం మొత్తం కుటుంబం తలకిందులైపోయినట్టే. 'వెళ్తానే' అన్న మాటా ఇలాంటిదే. ఆడపిల్లతో అంటున్న 'వే'నా, లేక 'వెళ్తాను కదా' అని నొక్కి చెప్పడమా? అచ్చులో రెండూ ఒకటే. గొంతులోనే తేడా.

రెండో కారణం మాండలికం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి.

మనది బదిలీల ఉద్యోగం. శ్రీకాకుళం మనిషి, కరీంనగర్ మనిషి, అనంతపురం మనిషి ఒకే ఫ్లోరులో కూర్చుని ఫైళ్ళు చూసుకునే చోటు బ్యాంకు కాకపోతే మరేది? లంచ్ దగ్గర అందరం ఒక రకం మధ్యస్థపు తెలుగు మాట్లాడతాం. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఎవరి అసలు తెలుగు వాళ్ళకి వచ్చేస్తుంది. నవలలో సంభాషణ రాసేవాడికి కావలసింది ఆ ఫోన్ తెలుగే.

ఒక్క ఉదాహరణ చెబుతాను. "నిన్న వచ్చిన." కోస్తా పాఠకుడికి ఇది పూర్తి వాక్యం కాదు. నిన్న వచ్చిన ఎవరు? ఉత్తరమా, చుట్టమా? తర్వాతి మాట కోసం ఎదురుచూస్తాడు. తెలంగాణ పాఠకుడికి అక్కడితో వాక్యం అయిపోయింది: నేను నిన్న వచ్చాను. 'తిన్న', 'చెప్పిన', 'చూసిన', అన్నీ అంతే. పదం తెలియకపోతే నిఘంటువు చూసుకోవచ్చు. ఇక్కడ ప్రతి పదమూ తెలుసు, అయినా వాక్యం జారిపోతుంది. ఎందుకు జారిందో కూడా తెలియదు.

పిలుపులు కూడా ఊరు మారితే మనుషుల్ని మార్చేస్తాయి. ఉత్తరాంధ్రలో 'అప్ప' అంటే అక్క. అనంతపురం వైపు 'ఏమప్పా' అంటే ఎదుట ఉన్నది మగవాడు. ఒకే మాట పట్టుకుని ఇద్దరు పాఠకులు రెండు వేర్వేరు గదులు ఊహించుకుంటారు. 'గుంట' అంటే గొయ్యి అనుకునేవాళ్ళు శ్రీకాకుళం కథలో 'గుంటడు' కనబడగానే కంగారుపడతారు. వాడు కుర్రాడు, అంతే.

ఇందులో ఆరితేరినవారు రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు, అందరికీ రావిశాస్త్రి. 1922లో పుట్టి 1993లో పోయారు. విశాఖపట్నంలో వకీలు. కోర్టు వరండాల్లో రకరకాల మనుషుల మాట విని ఉండకపోతే అలా రాయడం సాధ్యం కాదని నా నమ్మకం. ఆయన పుస్తకం ఒకదాని పేరు 'సొమ్ములు పోనాయండి'. అట్ట మీద ఉన్న ఆ రెండు మాటలు చూడండి. 'పోయాయి' కాదు, 'పోనాయి'. మనిషిది ఏ వైపో తెలిసిపోయింది. చివర 'అండి' ఉంది, అంటే తనకంటే పైవాడితో మాట్లాడుతున్నాడు. పేజీ తిప్పకముందే మాట్లాడేవాడి ఊరు, వినేవాడి హోదా రెండూ చేతికొచ్చాయి. ఆయన సంభాషణలో 'అన్నాడు', 'అంది' కోసం వెతుక్కునేవాళ్ళు ఈ గుర్తుల్ని దాటేసి పోతుంటారు.

మా సొంత ఊరు టెక్కలి దగ్గర. నాన్న పోయాక మూడేళ్ళ క్రితం అమ్మని నోయిడా తీసుకొచ్చాం. పదకొండో అంతస్తు. మా సొసైటీలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి, ఎక్కువమంది గుంటూరు, హైదరాబాదుల నుంచి. మంచివాళ్ళే. "మీ అమ్మగారి భాష భలే ఉంటుందండీ, సినిమాలోలా" అనేవాళ్ళు. సినిమాలో ఆ భాష ఎవరి నోట పెడతారో అందరికీ తెలుసు. అమ్మ ఏమీ అనలేదు. కొన్నాళ్ళకి చూస్తే నలుగురిలో ఉన్నప్పుడు టీవీ సీరియల్ తెలుగు మాట్లాడ్డం మొదలుపెట్టింది. ఒక్కో వాక్యం అతికించుకుంటూ, నెమ్మదిగా. ఆ తర్వాత మాట్లాడ్డమే తగ్గించింది. మనవరాలికి తన మాట సగం అర్థం కాదు, పొరుగువాళ్ళకి అర్థమైతే నవ్వొస్తుంది. ఇంక ఎవరితో మాట్లాడుతుంది?

ఆవిడకి చిన్న అక్షరాలు కనబడవు. మా అమ్మాయికి అక్షరాలు వచ్చు గానీ, రోడ్డు పక్క బోర్డు చదివినట్టు ఒక్కొక్కటే చదువుతుంది. ఒక రెండో శనివారం మధ్యాహ్నం రావిశాస్త్రి గారి 'ఆరు సారా కథలు' తీసి దాని చేతికిచ్చి, మామ్మకి చదివి పెట్టమన్నాను. మద్యనిషేధం రోజుల కథలవి. చదివే మనిషికి అర్థం కాదు, అర్థమయ్యే మనిషికి కనబడదు. మొదటి పావుగంట ఇద్దరికీ కష్టంగానే గడిచింది. ఒక చోట పిల్ల ఆగి, "ఇది ఎవరంటున్నారు?" అంది. అమ్మ అర్థం చెప్పలేదు. "బయపడిపోనోడి మాటది. దయిర్యంగా ఉన్నోడైతే అలగనడు" అని ఆ వాక్యాన్ని ఆ గొంతుతోనే అని చూపించింది. పిల్ల నవ్వలేదు. మళ్ళీ అనమంది. తరువాత దానికి తోచిన గొంతుతో తనూ అని చూసింది. ఒక గంటయ్యాక అమ్మ నన్ను పిలిచి అడిగింది: "ఇలాటి మాటలు కూడా బుక్కుల్లో ఏస్తారేటి?"

డెబ్భై ఆరేళ్ళ మనిషి. తను మాట్లాడే మాట అచ్చులో ఉంటుందని అప్పటిదాకా ఆవిడకి తెలియదు.

అమ్మ చేసిన పనిలో ఒక కిటుకు ఉంది. ఆవిడ పేర్లు గుర్తుపెట్టుకోవడం లేదు, మాటల వరుస లెక్కపెట్టడం లేదు. ఆ మాట అనడానికి ఎలాంటి మనిషి కావాలో చూస్తోంది. మన క్యాష్ కౌంటర్లో కూర్చున్నవాళ్ళకి ఇది కొత్త కాదు. కిటికీ ముందు అయిదుగురు నిలబడి ఒకేసారి మాట్లాడతారు. తల ఎత్తకుండానే ఏది పెన్షనరుదో, ఏది పక్క షాపు కుర్రాడిదో తెలిసిపోతుంది. 'అన్నాడు', 'అంది' అక్కడ ఎవరూ చెప్పరు. అదే పని పుస్తకంలో చెయ్యాల్సి వచ్చేసరికి మాత్రం బెదిరిపోతాం. మన కమిటీ మినిట్స్ చదివీ చదివీ ఆ అలవాటు తప్పిందేమో అని నా అనుమానం. 'అభిప్రాయపడటమైనది', 'సూచించడమైనది'. ఎవరు? ఎవరూ కాదు. నవలకి పూర్తిగా ఎదురు దిక్కు అది.

మూడో కారణం వేరే రకం. కొన్ని నవలల్లో పైకి అన్న మాటకీ, లోపల అనుకున్న మాటకీ మధ్య గోడ ఉండదు. రావిశాస్త్రి గారి 'అల్పజీవి'లో సుబ్బయ్య ఒట్టి పిరికి గుమస్తా. కాంట్రాక్టరు గవరయ్య పేరు చెబితేనే గుండె జారుతుంది. అలాంటివాడు పైకి అనేది తక్కువ, లోపల అనుకునేది ఎక్కువ. అంపశయ్య నవీన్ గారి 'అంపశయ్య' 1969లో వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టల్లో ఉండే రవి అనే విద్యార్థి జీవితంలో ఒక్క రోజు, అంతే కథ. అతని తలలో నడిచే మాట, గదిలో నడిచే మాట ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఆ పుస్తకం పేరే రచయిత ఇంటిపేరులా స్థిరపడిపోయింది. నవీన్ గారు ఎకనామిక్స్ పాఠాలు చెప్పిన అధ్యాపకులని తెలిసినప్పుడు మనవాడే అనిపించింది. 2004లో 'కాలరేఖలు' నవలకి ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

ఈ పద్ధతికి పెద్ద దారి వేసినది జేమ్స్ జాయిస్ 'యులిసెస్', 1922. అదీ ఒక్క రోజు కథే: 1904 జూన్ 16, డబ్లిన్ నగరం. జాయిస్ కొటేషన్ గుర్తులు వాడడు. మాట మొదట్లో ఒక గీత గీసి వదిలేస్తాడు. మొదలు తెలుస్తుంది గానీ, మాట ఎక్కడ ముగిసిందో, ఎక్కడినుంచి మనసులో ఆలోచన మొదలైందో చెప్పే గుర్తు లేదు. చదివేవాళ్ళే తేల్చుకోవాలి. ఇక్కడ మన తోకలు మళ్ళీ అక్కరకొస్తాయి. తెలుగు నవలలో పైకి అన్న మాటకి సాధారణంగా పిలుపో, 'రా'నో, 'అండీ'నో ఉంటుంది. తనలో తాను అనుకునేవాడు తనని తాను 'అండీ' అనుకోడు కదా.

ఇక బ్యాంకువాళ్ళం తప్పక విని ఉండాల్సిన నవల ఒకటుంది. విలియం గాడిస్ అనే అమెరికన్ రాసిన 'జె ఆర్'. 1975లో వచ్చింది, మరుసటి ఏడాది వాళ్ళ నేషనల్ బుక్ అవార్డు అందుకుంది. ఏడు వందల పైచిలుకు పేజీలు, అధ్యాయాలు లేవు. దాదాపు మొత్తం సంభాషణే, ఎవరన్నారో చెప్పడు. దర్యాగంజ్‌లో ఆదివారాలు పరిచే పాత పుస్తకాల బజారు ఇప్పుడు మహిళా హాట్‌కి మారింది కదా, అక్కడ దొరికింది నాకు. కథ మటుకు వింటేనే నవ్వొస్తుంది. పదకొండేళ్ళ స్కూలు పిల్లవాడు పబ్లిక్ ఫోన్ నుంచి, గొంతు గుర్తుపట్టకుండా రిసీవరుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, పోస్టు ద్వారా చవక షేర్లూ మిలిటరీవాళ్ళకి అక్కర్లేని సరుకూ కొని, కాగితాల మీద ఒక వ్యాపార సామ్రాజ్యం కట్టేస్తాడు. అతన్ని కళ్ళతో చూసినవాళ్ళే తక్కువ. కేవైసీ అంటే ఏమిటో ఈ ఒక్క పుస్తకంతో ట్రైనింగ్ కాలేజీలో పాఠం చెప్పొచ్చు. ఫోన్ సంభాషణల్లో చాలా చోట్ల ఒక వైపే వినిపిస్తుంది, అవతలివాడు ఏమన్నాడో మనం పూరించుకోవాలి. అందరూ డబ్బు గురించి మాట్లాడుతూనే ఉంటారు, ఎవరూ ఎవరినీ వినరు. రచయిత పేర్లు తీసేసింది అందుకేనని నాకనిపిస్తుంది. మూడు వందల పేజీలు దాటాను. మెట్రో బ్లూ లైన్లో నోయిడా నుంచి బారాఖంబా దాకా రోజుకి అయిదారు పేజీల కంటే సాగదు.

ఇలాంటి పుస్తకాలకి నాకు పనికొచ్చిన ఉపాయాలు చెబుతాను. అన్నిటికన్నా ముఖ్యం, ఆగకపోవడం. ఎవరన్నారో తెలియని మాట దగ్గర నిలబడి వెనక్కి తిప్పే కన్నా సన్నివేశం చివరిదాకా పోవాలి. నాలుగు మాటల తర్వాత ఎవరో ఎవరినో పిలుస్తారు, వెనకటిదంతా వెలుగులోకి వస్తుంది. వంతులు లెక్కపెట్టే పద్ధతిని నమ్మకండి. ఒకే మనిషి వరసగా రెండుసార్లు మాట్లాడొచ్చు, మధ్యలో ఒకరు మౌనంగా ఊరుకుంటే అదీ ఒక వంతే. బుక్‌మార్కుగా పెట్టుకునే కాగితం మీద ఒక్కో పాత్ర ఊతపదం, ఎవరిని ఏమని పిలుస్తుందో రాసుకుంటే నాకు చాలా తేలికైంది. సొంత పుస్తకమైతే అంచున పెన్సిలుతో ఒక అక్షరం వేసుకోవచ్చు. ముందుగా కథాసారం చదివేయమని కొందరు చెబుతారు. 'జె ఆర్'కి అది సరే. 'అంపశయ్య'కి వద్దంటాను. అందులో కథ తెలుసుకోవడానికి ఏముంది, ఆ కుర్రాడి తలలో తిరగడమే కదా అసలు పని.

పైకి చదవడం ఇంకో ఉపాయం. మెట్రోలో కుదరదు, ఇంట్లో కుదురుతుంది. అచ్చులో కలిసిపోయిన గొంతులు నోట్లోకి వచ్చేసరికి విడిపోతాయి. మాండలికం ఉన్న పుస్తకానికైతే ఆ ప్రాంతపు మనిషితో చదివించుకోవాలి. మన బదిలీల పుణ్యమా అని ప్రతి ఆఫీసులోనూ అన్ని జిల్లాలూ దొరుకుతాయి. అమ్మ గొంతుతో మేము ఫోన్లో రికార్డు చేస్తున్నాం. ఇప్పటికి నలభై నిమిషాలు వచ్చింది. ఆ కథల్లో మాటలు రేపు ఎవరినడగాలో మా అమ్మాయికి తెలియదు, నాకూ తెలియదు. నేను ఊరు వదిలి ఇరవై అయిదేళ్ళు. నా నాలుక మీద సగం చెరిగిపోయింది.

ఢిల్లీలో తెలుగు పుస్తకాలు దొరకవనుకోవద్దు. మండీ హౌస్ దగ్గర రవీంద్ర భవన్‌లో సాహిత్య అకాడమీ గ్రంథాలయం ఉంది. మిగిలినవి ఎల్ఎఫ్‌సీ మీద ఊరెళ్ళినప్పుడు విజయవాడ ఏలూరు రోడ్డులో కొని సూట్‌కేసు అడుగున పెట్టుకోవడమే.

తర్వాత మేము చదవబోయేది దాశరథి రంగాచార్య గారి 'చిల్లర దేవుళ్ళు'. వేదాలను తెలుగులోకి తెచ్చిన ఆ రచయితే, నిజాం కాలపు తెలంగాణ పల్లెనీ దొర గడినీ ఆ మనుషుల మాటల్లోనే రాశారు. ఈసారి మా అమ్మాయికి కాస్త సులువు. 'జర', 'పరేషాన్' లాంటి మాటలు అది బడిలో రోజూ వినేవే. అమ్మకే కష్టం. 'నీ బాంచెను దొరా' అన్న చోట మాత్రం ఎవరు ఎవరితో అంటున్నారో ఇద్దరిలో ఎవరికీ చెప్పక్కర్లేదు. మా డిపార్టుమెంట్లో ఉన్న కరీంనగర్ మిత్రుడు నాలుగో శనివారం ఇంటికొచ్చి చదువుతానన్నాడు. పాత్రలు పంచుకుందాం, దొర మాటలు నేను చదువుతానన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "నువ్వొద్దు, నీ గొంతు సాలదు" అంది.